విటమిన్ డి, చేపనూనె వేసుకుంటే క్యాన్సర్ ముదరదా?

కావలి_శీను: మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో జరగతా ఉంది. రక్తంలో విటమిన్ డి 11 మాత్రమే ఉందంట. మేనత్త కొడుకు డి పొడి, చేపనూనె బిళ్ళలు తెచ్చిచ్చి, ఇవి వాడితే జబ్బు ఇంక పాకదు అంటన్నాడు. నిజమేనా?

కొత్తపట్నం_కెరటం: నిజమే నాయనా. అమెరికాలో 25,871 మంది మీద అయిదేళ్ళకి పైగా చూశారు. వైటల్ అని పేరు, 2018లో బయటికొచ్చింది. రోజుకి 2000 యూనిట్ల డి, గ్రాము చేపనూనె. డి వేసుకున్నోళ్ళలో పాకిపోయిన క్యాన్సర్లు, క్యాన్సర్ చావులు రెండూ కలిపి 17 శాతం తక్కువ. ఇంకేం కావాల?

పాత_ల్యాబోడు: సగమే చెప్పినావక్కా. క్యాన్సర్ రావడం తగ్గలేదు అందులో. చేపనూనెతో అయితే రావడమూ తగ్గలా, క్యాన్సర్ చావులూ తగ్గలా. నువ్వు చెప్పే 17 శాతం 2020లో విడిగా తీసిన లెక్క. అదీ బరువు సరిగా ఉన్నోళ్ళలోనే బాగా కనపడింది, లావుపాటోళ్ళలో లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు క్యాన్సర్ లేకుండా మొదలుపెట్టినోళ్ళు. శీను వాళ్ళ పెద్దమ్మకి జబ్బు ఉంది గదా! ఆస్ట్రేలియాలో 21 వేల మందిలో సగం మందికి నెలకి 60,000 యూనిట్ల డి ఇచ్చి చూశారు, చావులు తగ్గలా. 11 అంటే తక్కువే, ఎముకల కోసం సరిచేసుకోవాల్సిందే. అది వేరే మాట.

ఒంగోలు_గిత్త: బిళ్ళలెందుకు, నెల్లూరు చేపల పులుసు చాలదా?

పాత_ల్యాబోడు: అందులో వేసేది కొరమీను, బొమ్మిడాయి. మంచినీళ్ళ చేపలు. చేపనూనెలో ఉండే ఒమేగా 3 కొవ్వు బాగా కావాలంటే సముద్రం కవళ్ళు తినాల.

నెల్లూరు_మామిడికాయ: బొమ్మిడాయిని తక్కువ చేస్తే ఊరుకోం సార్.

ఒంగోలు_గిత్త: కవళ్ళు కిలో ఎంత, బొమ్మిడాయి ఎంత? అది చెప్పండి ముందు.

కొత్తపట్నం_కెరటం: చేపల సంగతి మా ఊరోళ్ళకి చెప్తన్నారు, బాగుంది. ఏమయ్యా ల్యాబోడా, ఏది చెప్పినా కాదంటావు. సచ్చేవాళ్ళని చూశావా ఎప్పుడన్నా? రిపోర్టులు తప్ప?

పాత_ల్యాబోడు: చూశా. మా నాయన్ని. వారానికొకటి అని చీటీలో రాసిన పొట్లం, 60,000 యూనిట్లది. బలం వస్తుందని ఎవరో అంటే రోజూ పాలల్లో కలుపుకోని తాగాడు, రెండు నెలలకి పైనే. వాంతులు, మలబద్ధకం, రాత్రంతా దాహం. ఆఖరికి నన్నే ఎవురబ్బాయివి అని అడిగాడు. రక్తంలో క్యాల్షియం 13.8, ఉండాల్సినదాని కన్నా బాగా ఎక్కువ. ఆ కాగితం నా చేత్తోనే ప్రింటు తీశా. బతికాడు, కిడ్నీలు మాత్రం మునపట్లా లేవు. అందుకే "డి మంచిది" అన్న మాట వింటే నాకు కాలతది.

కొత్తపట్నం_కెరటం: మా ఆయనకి కడుపులో క్యాన్సర్. ఎనిమిది గంటలు బెంచీ మీద కూర్చుంటే డాక్టరు మూడు నిమిషాలు మాట్లాడాడు. ఏం పెట్టమంటారు సార్ అంటే, ఏదైనా పెట్టమ్మా అన్నాడు. ఏదైనా అంటే ఏంది? మందులన్నీ నర్సుల చేతిలోనే. ఆ చేపనూనె బిళ్ళ ఒకటే నేను నా చేత్తో నోట్లో వేసింది. పని చెయ్యలేదని నువ్వు చెప్పాల్నా? ఆయన పోయి రెండేళ్ళు.

నెల్లూరు_మామిడికాయ: అయ్యో అక్కా.

పాత_ల్యాబోడు: నువ్వు వేసింది తప్పని అన్లేదక్కా. ఆ బిళ్ళ జబ్బుని ఆపుతుందని శీనుకి చెప్పొద్దంటన్నా. అది నమ్మి రేపు కీమోకి ఎగనామం పెడితే?

కొత్తపట్నం_కెరటం: కీమో మానమని నేనెప్పుడన్నా? పైకెళ్ళి చదువు.

పాత_ల్యాబోడు: చదివా. అన్లేదు. "నిజమే" అన్నావు.

కావలి_శీను: ఆగండి ఇద్దరూ. ఇప్పుడే పొట్లం తీసి చూశా. దీని మీద కూడా 60,000 అనే ఉంది. మావాడు రోజుకొకటి అన్నాడు. మూడు అయిపోయినయి.

పాత_ల్యాబోడు: ఆపెయ్. మూడు పొట్లాలకే కంగారు పడొద్దు. పొద్దున్నే ఆమెకి కీమో ఇచ్చే డాక్టరుకి ఫోన్ చేసి ఈ మాటే చెప్పు. రక్తంలో క్యాల్షియం, కిడ్నీల కోసం క్రియాటినిన్ చూపించాలా అని అడుగు.

కొత్తపట్నం_కెరటం: మిగతా పొట్లాలు ఆమె చేతికి అందకుండా అటక మీద పెట్టు నాయనా. ఈరోజు అన్నం తినిందా?