ఎడినాయిడ్ శస్త్రచికిత్స వేళ అంగిలిలోని దాగిన చీలికను గుర్తించడం ఎలా?

చెవి, ముక్కు, గొంతు వైద్యంలో శిక్షణ పొందుతున్న నాకు అనుభవజ్ఞుల సలహా కావాలి. పిల్లలకు ఎడినాయిడ్లు (ముక్కు వెనుక, గొంతు పై భాగాన ఉండే మెత్తని కణజాలం) తొలగించే ముందు కొండనాలుక చీలి ఉందా, మెత్తని అంగిలి నడుమ పలుచని నీలి గీత కనిపిస్తోందా అని చూసి, మత్తు ఇచ్చాక గట్టి అంగిలి వెనుక అంచును వేలితో తడిమి నొక్కు ఉందేమో పరీక్షిస్తాను. అయితే పైపొర మామూలుగానే ఉండి, లోపలి కండరాలు మాత్రమే నడుమ కలవని పిల్లల్లో ఈ గుర్తులేవీ కనబడకపోవచ్చు. అటువంటి బిడ్డకు ఎడినాయిడ్‌ను పూర్తిగా తీసేస్తే మాట ముక్కుతో రావడం, తాగినది ముక్కులోకి రావడం మొదలవుతుందేమోనన్నదే నా భయం. మత్తులో అంగిలి కదలదు కనుక, ఎండోస్కోప్‌తో ముక్కు వైపు నుంచి చూసినప్పుడు మధ్యలో ఉండవలసిన ఉబ్బు లేకపోవడాన్ని మీరు ఎంతవరకు నమ్ముతారు? అనుమానం కలిగితే ఎడినాయిడ్ పై భాగాన్ని మాత్రమే తొలగించి కింది అంచును వదిలేస్తారా, లేక అక్కడితో ఆపి తల్లిదండ్రులతో మళ్లీ మాట్లాడతారా?