1994 నాటి ఫ్లాట్ రెనొవేషన్: వంటింటి గోడ తీసేయొచ్చా, మొజాయిక్ మీదే టైల్స్ వేయొచ్చా?

నారాయణగూడ_కోడలు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నారాయణగూడలో మా అత్తగారివాళ్ళ ఫ్లాట్ ఉంది. 1994లో కట్టిన ఐదంతస్తుల బిల్డింగ్, మాది మూడో అంతస్తు, 1150 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూములు. ఇన్నాళ్ళూ అద్దెకిచ్చాం, ఇప్పుడు ఖాళీ అయింది కాబట్టి అత్తయ్య, మామయ్యలతో కలిసి మేమే అక్కడికి మారుదామనుకుంటున్నాం. మా ఆయన ఇంటి నుంచే ఆడిటింగ్ పని చేస్తారు, ఆయనకి తలుపు వేసుకుని కూర్చునే చిన్న ఆఫీసు గది కావాలి.

ఒక ఇంటీరియర్ డిజైనర్ వచ్చి చూసి వెళ్ళారు. వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్, ఇల్లంతా ఫాల్స్ సీలింగ్, పాత మొజాయిక్ మీదే విట్రిఫైడ్ టైల్స్, హాల్లో ఒక మూల ఇటుక గోడ లేపి ఆఫీసు గది అని త్రీడీ బొమ్మలు పంపించారు. బొమ్మలు నిజంగా బాగున్నాయి. మొత్తం 14 లక్షలు చెప్పారు, అందులో బాత్‌రూములకీ కరెంటు పనికీ కలిపి లక్షన్నరే రాశారు. నాకు టెన్షన్ అక్కడే. బాత్‌రూము గోడకి అవతల బెడ్‌రూములో పెయింట్ పొక్కులు లేస్తోంది, పొద్దున్నే కుళాయి తిప్పితే కాసేపు తుప్పు రంగు నీళ్ళు వస్తున్నాయి. ముందు ఏం చేయించాలి, ఏది మానుకోవచ్చు, ఇలాంటి పాత ఫ్లాట్లు చేయించినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పిల్లర్_భీమ్:
మేడమ్, నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. గోడ గురించి ముందు చెప్తాను. ఐదంతస్తుల బిల్డింగ్ కాబట్టి చాలావరకు పిల్లర్లు, బీములు ఉన్న కట్టడమే అయివుంటుంది, అలాంటిదాంట్లో నాలుగున్నర అంగుళాల లోపలి గోడ బరువు మోయదు. కానీ గోడ మందం చూసి మాత్రమే తేల్చేయకూడదు. పాత ఫ్లాట్లలో వంటింటి అటక స్లాబు ఒక పక్క ఆ గోడలోకే దిగి ఉంటుంది, గోడ పడగొడితే అటకకి ఆధారం పోతుంది. ఆ గోడలోంచే నీళ్ళ పైపు, మెయిన్ కరెంటు లైను వెళ్తూ ఉండొచ్చు కూడా. అసోసియేషన్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఉందేమో అడగండి, లేకపోతే ఒక ఇంజినీర్ని ఒక్కసారి సైట్‌కి పిలిచి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. దానికయ్యే ఫీజు మీ 14 లక్షల్లో లెక్కలోకి రాదు.

నన్నడిగితే తీసే గోడ కన్నా కొత్తగా లేపే గోడే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి రెండు టన్నులు దాటుతుంది. కింద బీము లేని చోట, స్లాబు మధ్యలో ఆ బరువు పెట్టొద్దు. ఆఫీసు గదికి జిప్సం బోర్డు పార్టిషన్ చాలు. లోపల రాక్‌వూల్ (శబ్దాన్ని అడ్డుకునే దూది లాంటి పదార్థం) నింపిస్తే ఫోన్ మాటలు బయటికి పెద్దగా వినపడవు, పైభాగం అద్దం పెట్టిస్తే హాలు చీకటి పడదు.

టైల్స్ సంగతీ అంతే. సిమెంటు మాలు వేసి దాని మీద టైల్స్ పరిస్తే వంద చదరపు అడుగులకి సుమారు అర టన్ను బరువు పెరుగుతుంది. గమ్‌తో అతికిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది కానీ ఫ్లోరు ఎత్తు ఎలాగూ పెరుగుతుంది, అన్ని తలుపులూ కింద కోయించాలి.

రెండో_అంతస్తు_శ్రీను:
అక్కా, నేను మీలాంటి బిల్డింగ్‌లోనే పై ఫ్లాట్ వాళ్ళ రెనొవేషన్ కింద నలిగినవాణ్ణి, అందుకే రాస్తున్నా. వాళ్ళు బాత్‌రూములో పాత టైల్స్ మీదే కొత్తవి అతికించారు, షవర్‌కి గ్లాసు పెట్టారు, ఖరీదైన ఫిట్టింగులు పెట్టారు, కింద ఉన్న సన్‌కెన్ స్లాబు (పైపుల కోసం కిందికి దించి వేసిన స్లాబు) జోలికి మాత్రం పోలేదు. మా బాత్‌రూము సీలింగ్ నుంచి చుక్కలు మొదలయ్యాయి, తర్వాత సీలింగ్ పెచ్చులూడి లోపలి ఊచలు కనపడ్డాయి. ఇప్పుడు ఆ కొత్త టైల్స్ మొత్తం పగలగొట్టాల్సిందే. ఆ మనుషులకీ మాకూ మాటల్లేవు, పండక్కి ఎదురుపడినా తల తిప్పుకుపోతున్నారు.

మీ బెడ్‌రూము గోడ పొక్కులు లేస్తోందంటే నీళ్ళు ఇప్పటికే దారి వెతుక్కున్నాయి. బాత్‌రూము అడుగు దాకా తవ్వించండి. పాత ఇటుక ముక్కల ఫిల్లింగ్ అంతా తీయించి, స్లాబు కడిగి, నహాని ట్రాప్ (నేల మీది నీళ్ళు బయటికి పోయే జాలీ) చుట్టూ, పైపులు స్లాబు దాటే చోట సందులు పూడ్చే గ్రౌటింగ్ చేయించి, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ కోటు వేయించండి. ఆ తర్వాత నీళ్ళు నింపి కనీసం రెండు రోజులు అలాగే ఉంచి, కింది ఫ్లాట్‌వాళ్ళని పిలిచి వాళ్ళ సీలింగ్ మీరే స్వయంగా చూడండి. టైల్స్ ఆ తర్వాతే. మేస్త్రి తొందరపెడతాడు, వినొద్దు.

సైట్_సూపర్‌వైజర్_వరంగల్:
పైన ఇద్దరూ మంచి మాటలు చెప్పారు. తుప్పు నీళ్ళకి కారణం గోడల్లో ఉన్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు, అప్పట్లో అన్నీ అవే వేసేవాళ్ళు. అవి మొత్తం తీసేసి సీపీవీసీ (వేడినీళ్ళకీ తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించండి. వైరింగ్ కూడా పాతదంతా మార్చండి, ముప్పై ఏళ్ళ కిందట ఇన్ని ఏసీలు, ఇండక్షన్ పొయ్యిలు ఎవరూ ఊహించలేదు. ఏసీకి, గీజర్‌కి విడివిడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, పవర్ ప్లగ్గులకి 2.5, లైట్లకి 1.5. బోర్డులో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో టెస్ట్ చేయించండి. పైపులకోసం, వైర్లకోసం గాడులు కొట్టేవాళ్ళు పిల్లర్లనీ బీములనీ ముట్టుకోకుండా ఎవరో ఒకరు దగ్గరుండాలి. ఈ పనికి లక్షన్నర ఏ మూలకీ సరిపోదు, మీ డిజైనర్ కనపడే వాటికే కొటేషన్ ఇచ్చారు.

చెక్కపని దగ్గర కొటేషన్లో 'మంచి ప్లైవుడ్' అని రాస్తే ఒప్పుకోవద్దు. వంటింట్లో సింకు కింద, బాత్‌రూము పక్కన ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై (నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్), మిగతా వార్డ్‌రోబులకి ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లైవుడ్ సరిపోతుంది. మందం, బ్రాండు, బయట లామినేట్ ఒక ఎంఎం అని కూడా రాయించండి, షీట్లు దిగిన రోజే ముద్రలు చూసుకోండి. డబ్బులు పని జరిగిన మేరకే ఇవ్వండి, సగం అడ్వాన్స్ అడిగితే వేరేవాళ్ళని చూసుకోవడం మేలు.

నారాయణగూడ_కోడలు:
చాలా థాంక్స్ అండీ. ఫాల్స్ సీలింగ్, మొజాయిక్ గురించి ఎవరైనా చెప్తారా? అత్తయ్యకి ఆ మొజాయిక్ అంటే ఇష్టం, పాతబడి మసకగా ఉందనే మేం మార్చాలనుకున్నాం. వంటింట్లో పోపు వాసన హాల్లోకి వస్తుందని కూడా ఆవిడ బెంగ.

సైట్_సూపర్‌వైజర్_వరంగల్:
మొజాయిక్ ఉంచేయండి అమ్మా. అలాంటి ఫ్లోరు ఇప్పుడు సరిగ్గా పోసే మేస్త్రీలే దొరకడం కష్టం. మెషిన్ పాలిష్ పట్టిస్తే పై పొర పోయి లోపలి రాళ్ళ రంగు మళ్ళీ బయటపడుతుంది. గరుకు రాయి పాలిష్ వడ్రంగి పనికి ముందే చేయించండి, ఆ బురద చెక్కకి తగలకూడదు, ఆఖరి పాలిష్ మాత్రం పెయింటింగ్ అయ్యాక. ఎక్కడైనా పగిలినచోట అదే రంగు చిప్స్ కలిపి అతుకు వేయొచ్చు. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి బాత్‌రూముల్లో మాత్రం జారని టైల్స్, కమోడ్ పక్కన పట్టుకునే రాడ్డు, గడప ఎత్తు తక్కువ.

ఫాల్స్ సీలింగ్ ఇల్లంతా వద్దు. మీ ఎత్తు తొమ్మిదిన్నరో పదో ఉంటుంది, అందులో ఆరంగుళాలు పోతే ఫ్యాన్ కిందికి వచ్చి గది ఇరుకనిపిస్తుంది. లైట్లు కావాలంటే హాల్లో అంచుల చుట్టూ పెట్టించి, మధ్యలో స్లాబు అలాగే వదిలేయండి.

వంటింటి గోడ మీ అత్తయ్యగారి మాటే వినండి. రోజూ పోపు, వేపుళ్ళు ఉండే ఇంట్లో చిమ్నీ ఉన్నా వాసన కొంత బయటికొస్తుంది. ఇంజినీర్ సరేనంటే గోడలో ఒక వెడల్పాటి కిటికీ తెరిపించి, జరిపే అద్దం తలుపు పెట్టించండి. వంట చేస్తూ హాల్లోవాళ్ళతో మాట్లాడొచ్చు, పోపు పెట్టేటప్పుడు మూసేయొచ్చు, పైన అటక కూడా కదలదు.

పిల్లర్_భీమ్:
ఆ కిటికీకి పైన లింటెల్ (పై గోడ బరువు మోసే అడ్డ దూలం) వేయించడం మర్చిపోవద్దు. పగలగొట్టిన మట్టి, ఇటుకలు మెట్ల మీదా నాలా పక్కనా పడేయకుండా జీహెచ్‌ఎంసీకి చెప్పి పంపించండి, జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ వాటిని రీసైకిల్ చేసే ప్లాంట్లు ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు కింది ఫ్లాట్ సీలింగ్ ఫొటోలు తీసి వాళ్ళకీ ఒక కాపీ ఇవ్వండి.