‘ఉజ్జగింపరు’: గివ్ అప్పా, గివ్ ఇన్నా?

(ఒడిశాలోని నాలుగు ఊళ్ల తెలుగువాళ్ల ముచ్చట. ఎవరి మాట ముందు వాళ్ల ఊరి పేరు.)

పర్లాకిమిడి: భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు, ‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం పిల్లలకు ఇంగ్లీషులో చెప్పాలి. నీచులు అడ్డంకులకు హడలి పని మొదలే పెట్టరు, ధీరులు మొదలెట్టింది వదలరు అని కదా. నాలుగో పాదంలో ‘ఉజ్జగింపరు’కి, అంటే విడిచిపెట్టరుకి, గివ్ అప్ చాలా, గివ్ ఇన్ కావాలా? అన్నట్టు ఆ పాదం మొదటి మాట ప్రారబ్ధార్థమా, ప్రారంభార్థమా? నోటికి రెండోదే వస్తోంది.

బరంపురం: ప్రారబ్ధార్థమే. రెంటికీ మగణం సరిపోతుంది, ప్రాస రేఫ చెడదు, యతి ప్రా-ప్ర చెడదు. ఛందస్సు తేల్చదండీ, అర్థమే తేల్చాలి. మొదలుపెట్టేసిన పని అనాలంటే ప్రారబ్ధం కావాలి.

గుణుపురం: గివ్ ఇన్ వద్దు మాస్టారూ. లొంగిపోవడమనే అర్థంలో దానికి కర్మ పట్టదు. ఎవరికి లొంగాడో చెప్పాలంటే ‘టు’ తగిలించాలి. ఇక్కడ గివ్ అప్పే. దాని వెనక క్రియ వస్తే ఐఎన్‌జీ రూపం: గివ్ అప్ ట్రయింగ్. పిల్లలు ‘గివ్ అప్ టు ట్రై’ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. ‘ద వర్క్’ అప్‌కి ముందైనా వెనకైనా ఒప్పే గానీ, ‘ఇట్’ మాత్రం నడిమధ్యనే: గివ్ ఇట్ అప్.

రాయగడ: మరి నీచులకో? ‘పుట్ ఆఫ్’ అందామా? వాయిదా అని కాదు, ‘ఆర్ పుట్ ఆఫ్ బై ఆబ్‌స్టకిల్స్’ అని.

బరంపురం: పద్యంలో ఉన్నది ‘సంత్రస్తులై’ కదండీ! హడలిపోవడం. పుట్ ఆఫ్‌లో మనసు విరగడమే గానీ హడలు లేదు. స్కేర్డ్ ఆఫ్ అనండి, బెదిరి వెనక్కి తగ్గడం. భర్తృహరి మూలంలోనూ ‘విఘ్నభయేన’ అనే ఉంది.

రాయగడ: స్కేర్డ్ ఆఫ్ అంటే దగ్గరికొచ్చినవాడు పారిపోయినట్టుంటుంది. వీడు గడపే దాటలేదు.

బరంపురం: గడప దాటనివ్వకపోయినా స్కేర్డ్ ఆఫే.

పర్లాకిమిడి: ఉజ్జగించడానికీ మన ‘ఒగ్గేయడా’నికీ, అదే వదిలేయడానికీ, చుట్టరికం ఉందంటారా?

గుణుపురం: జ్జ ఎక్కడ, గ్గ ఎక్కడ! గివ్ అప్‌కి చుట్టరికం ఒడియాతో చూడండి. వదిలేయడాన్ని ‘ఛాడిదేబా’ అంటారు, అందులో చివరి ‘దేబా’ ఇవ్వడమే, గివ్‌లాగే. ఇక్కడి పిల్లలకు ఆ దారి సులువు.

బరంపురం: ఆ ‘అప్’ సంగతి ఎవరూ ఎత్తరేం?

రాయగడ: వాడుకభాష కోసం పోరాడిన గిడుగువారు పాఠాలు చెప్పిన మీ ఊళ్లో ఉజ్జగింపరు ఎందుకండీ? ‘ప్రారబ్ధార్థము లొగ్గివేయరు సుమీ’ అనండి. లఘువు కూడా కదల్లేదు, లెక్క చూసుకోండి.

బరంపురం: గణం బాగానే ఉంది. ఏనుగు లక్ష్మణకవే ఒగ్గేసి పోయాడు.

పర్లాకిమిడి: స్కేర్డా, పుట్టా? రేపు మొదటి పీరియడే!

గుణుపురం: ముందు భర్తృహరిని తెనిగించిన ఇంకో కవి, ఎలకూచి బాలసరస్వతి, ఏమన్నాడో చూద్దాం ఉండండి.