మెగ్గర్‌లో పాసైన ట్రాన్స్‌ఫార్మర్ నెలకే ఎలా కాలింది? లోపల ఉన్నది కాగితమేనా?

బత్తాయితోట:
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు పల్లె. మా బోర్లకు కరెంటిచ్చే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఏప్రిల్‌లో కాలిపోయింది. ట్రాక్టర్‌లో వేసుకుని నేనూ మా చిన్నాయనా రిపేరు షెడ్డుకు తీసుకుపోయాం. మూత విప్పి, చైన్‌బ్లాకుతో లోపలిదంతా పైకి లాగినప్పుడు మొదటిసారి చూశాను. తీగల చుట్టూ కాగితం. పొరపొరకూ మధ్య కాగితం. వేలితో తాకితే కాలిన అప్పడంలా పొడిపొడి అయిపోయింది.

అంతకు నెల ముందే ఆయిల్ కారుతోందని వచ్చి చూశారు. అప్పుడు మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగా కరెంటును ఆపుతోందో చూసే మీటరు) పెట్టి "ఇన్సులేషన్ బాగుంది" అన్నారు. తర్వాత ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, కింది లైను తీగలు రెండు కొట్టుకున్నాయి. ఢామ్మని శబ్దం, అంతే. చెట్ల మీద పిందెలున్నాయి, పదమూడు రోజులు నీళ్లు లేవు.

రెండు సందేహాలు. 11,000 వోల్టులను నిజంగా కాగితమే ఆపుతుందా? ఆపుతున్నట్టు మెగ్గర్ చూపిస్తే, మరి నెలకే ఎందుకు పోయింది?

పాత వైండర్, నరసరావుపేట:
తమ్ముడూ, 28 ఏళ్లు కాయిల్ బెంచీ మీద కూర్చున్నవాణ్ని. నీ రెండో ప్రశ్న వేయాల్సినవాళ్లు చాలామంది వేయరు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అవును, కాగితమే. గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్. పైన్ లాంటి చెట్ల గుజ్జుతో చేస్తారు, ఉప్పు జాడ లేకుండా బాగా కడుగుతారు. తీగకు చుట్టి వస్తే డీపీసీ అంటాం, పొరల మధ్య వేసేది షీటు, ఇంకా మందమైతే ప్రెస్‌బోర్డు. అయితే ఒట్టి కాగితం ఆ పని చేయలేదు. దాని సందుల్లో గాలి ఉంటుంది, ఎక్కువ వోల్టేజీకి ముందు తెగేది ఆ గాలే. అందుకని ఆరబెట్టి, గాలి పోయాక ఆ సందుల్లోకి ఆయిల్ ఎక్కిస్తాం. కాగితం ఒక్కటీ ఆపలేనిది, ఆయిల్ ఒక్కటీ ఆపలేనిది, రెండూ కలిస్తే ఆపుతాయి.

ఈ ఆరబెట్టడంలోనే పనితనమంతా ఉంది. మామూలు గాలిలో వదిలేస్తే కాగితం తన బరువులో ఆరేడు శాతం దాకా నీళ్లు పీల్చుకుంటుంది. దాన్ని ఒక శాతం లోపుకి దించాలి. ఓవెన్‌లో పెట్టాక మెగ్గర్ రీడింగ్ ముందు పడిపోతుంది. కొత్త కుర్రాళ్లు అది చూసి భయపడతారు. వేడెక్కి తేమ కదులుతోందన్నమాట. తర్వాత మెల్లగా లేస్తుంది. లేవడం ఆగి గంటల తరబడి ఒకచోట నిలబడ్డాకే తీయాలి, తీసిన వెంటనే ఆయిల్‌లో దించాలి. వానాకాలంలో ఒక్క రాత్రి బయట ఉంచితే పడ్డ కష్టమంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఈ ఓపిక లేకుండా పంపిన కాయిళ్లు తిరిగి మా దగ్గరికే వచ్చేవి.

ఇక మెగ్గర్ సంగతి. అది ఆ నిమిషానికి కరెంటు కారుతోందా లేదా అనే చెబుతుంది. కాగితం పీచుకి బలం ఉందో లేదో చెప్పదు. ముసలిదైన కాగితం కదపకుండా ఉంటే కరెంటును బాగానే ఆపుతుంది. కింది లైను తీగలు కొట్టుకోగానే కాయిల్‌లో మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు వచ్చి, చుట్లు ఒకదాన్నొకటి నెడతాయి, గుంజుతాయి. కొత్త కాగితం ఆ కుదుపుకి వంగి ఓర్చుకుంటుంది. మీది వంగలేదు, పగిలింది. తీగ తీగను తాకింది. పైగా ముదిరిన కాగితం కుంచించుకుపోయి కాయిల్ బిగువు సడలి ఉంటుంది, కాబట్టి కుదుపూ ఎక్కువే. మేం పాత కాయిల్ పైవరస నుంచి చిన్న ముక్క తీసి మడిచి చూసేవాళ్లం. మడత దగ్గర పుటుక్కుమంటే ఇంకేం చూడక్కర్లేదు.

ఇంతకీ మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లెన్ని?

బత్తాయితోట:
ఐదు హెచ్‌పీవి ఏడు, అన్నా. రాసిచ్చింది మాత్రం నాలుగుకే. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో అన్నీ ఒకేసారి లేస్తాయి.

పాలిటెక్నిక్ పాఠాలు:
ఏడంటే కారణం అక్కడే దొరికింది. 25 కేవీఏకి మోటార్లకు కరెంటిచ్చే 433 వోల్టుల వైపు పూర్తి లోడు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు ఒక్కోటి ఏడున్నర తీసుకుంటుంది. నాలుగుకి 30, సరిపోతుంది. ఏడుకి 52 దాటుతుంది. కాయిల్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, దాదాపు రెండున్నర రెట్లు.

కాగితం కరెంటును ఆపినట్టే వేడినీ ఆపుతుంది. కాయిల్ తీగలో వాడే అల్యూమినియంతో పోలిస్తే వెయ్యో వంతు వేడిని కూడా పోనివ్వదు. అందుకే కాయిల్స్ మధ్య ఆయిల్ పారడానికి సందులు వదులుతారు. ఆయిల్ తగ్గి కాయిల్ పైభాగం బయటపడితే ఆ వేడి పోయే దారే ఉండదు. అందరికంటే ముందు మాడేది ఆ పైవరసే.

మామూలు క్రాఫ్ట్ పేపర్‌కి బాగా వేడెక్కే చోట 98 డిగ్రీలు హద్దు. ఆపైన ప్రతి 6 డిగ్రీలకూ అది ముసలయ్యే వేగం రెట్టింపవుతుంది. కాగితమంటే సెల్యులోజ్ గొలుసులు. కొత్తదాంట్లో ఒక్కో గొలుసులో సుమారు 1,000 గ్లూకోజ్ లింకులుంటాయి. తెగుతూ తెగుతూ 200కు దిగితే బలం పోయినట్టే. ఘోరమేంటంటే, తెగేటప్పుడు ఆ గొలుసులే నీళ్లు పుట్టిస్తాయి, ఆ నీళ్లు మిగతావాటిని ఇంకా తొందరగా తెంపుతాయి.

కాగితాన్ని చిన్నచూపు చూడకండి. లండన్ దగ్గర డెప్ట్‌ఫర్డ్ పవర్‌హౌస్ నుంచి ఇంజినీరు ఫెర్రాంటీ 10,000 వోల్టుల కేబుల్ వేసింది మైనం పట్టించిన కాగితంతోనే. 1890ల్లో మొదలైన ఆ కేబుళ్లలో కొన్ని 1933లో కూడా పనిచేస్తూనే ఉన్నాయి.

మోటార్ రివైండింగ్:
మా దగ్గర మోటారు స్లాట్లలో (కాయిల్ కూర్చునే గాళ్లలో) పెట్టేది లెదరాయిడ్ అనే గట్టి కాగితం, ఇప్పుడు పాలిస్టర్ ఫిల్మ్ అతికించినవి వాడుతున్నాం. బోరులో దిగే నీళ్లు నింపిన మోటార్లలో మాత్రం కాగితం పనికిరాదు, ప్లాస్టిక్ చుట్టిన వైరే. నీళ్లూ కాగితమూ పొసగవని మాకూ తెలుసు.

బత్తాయితోట:
ఆయిల్‌ను ఫిల్టర్ చేస్తే ఆ నీళ్లు పోవా? పాతది ఫిల్టర్ చేసి పోస్తామంటున్నారు.

పాత వైండర్, నరసరావుపేట:
ఆయిల్‌లోవి పోతాయి. ట్యాంకులో ఉన్న తేమలో దాదాపు అంతా కాగితంలోనే దాక్కుంటుంది తమ్ముడూ. వేడెక్కితే కొంచెం ఆయిల్‌లోకి వస్తుంది, చల్లారితే మళ్లీ కాగితంలోకే పోతుంది. మీకు కొత్త కాయిల్స్ వేస్తున్నారు కాబట్టి ఓవెన్‌లో ఎన్ని గంటలు ఉంచారో అడుగు, ఆయిల్ బీడీవీ (ఎంత వోల్టేజీ దాకా తెగకుండా ఆపుతుందో చూసే పరీక్ష) నీ ముందే చూపించమను. దిమ్మె మీదికి ఎక్కించాక, బ్రీదర్ (ట్యాంకులోకి పోయే గాలిలో తేమను పట్టేది) ఉంటే అందులో సిలికా జెల్ నీలంగా ఉందా చూడు. గులాబీ రంగుకి తిరిగితే అది నిండిపోయింది, తేమ నేరుగా లోపలికి పోతుంది. ఆయిల్ కారితే ఆరోజే చెప్పు, ఆయిల్ మట్టం గీత కిందికి దిగేదాకా ఆగొద్దు. ఏడు స్టార్టర్లలో ఆటో తీసేయించు, ఒకరి తర్వాత ఒకరు వేసుకోండి.

బత్తాయితోట:
చాలా సంతోషం అన్నా. రాత్రి చిన్నాయన అందరినీ కూచోబెట్టాడు. ఆటోలు తీసేయడానికి ఐదుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా నసుగుతున్నారు. మూడు మోటార్లను వేరే ట్రాన్స్‌ఫార్మర్‌కు మార్చమని అర్జీ రాశాం, సోమవారం ఇస్తాం. షెడ్డులో పొడి అయిన ఆ కాగితం ముక్క ఒకటి జేబులో వేసుకొచ్చాను, ఆ ఇద్దరికీ రేపు చూపిస్తాను.