ఆష్‌కాష్‌లో మే నెల పురుగులు: ఇవి దోమలేనా?

ఆష్‌కాష్ కోడలు:
అందరికీ నమస్కారం. అమెరికాలో, విస్కాన్సిన్‌లో మాకిది మొదటి వేసవి. ఇల్లు వినెబాగో సరస్సుకి దగ్గర్లోనే. ఈమధ్య సాయంత్రమైతే చాలు, ఏవో పురుగులు, తొలకరికి మన ఊళ్ళో ఉసుళ్ళు లేచినట్టు లేస్తున్నాయి. తెల్లారేసరికి గరాజ్ తలుపు తెలుపు రంగే కనబడదు. అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. "ఇన్ని దోమలా, డెంగీ వస్తుంది" అంటూ పాపని గడప దాటనివ్వట్లేదు. స్ప్రే కొట్టించమంటారా?

నీనా శ్రీను:
వద్దండీ, డబ్బు దండగ. ఇవాళ చచ్చినవాటి చోటికి రేపు సరస్సులోంచి మళ్ళీ వస్తాయి. ఇక్కడ వీటిని లేక్ ఫ్లైస్ అంటారు. కుట్టవు. మదర్స్ డేకి అటూ ఇటూగా వచ్చి రెండు వారాల్లో పోతాయి. రాత్రి బయటి లైట్లు ఆపేయండి. చీపురు మాత్రం పెట్టకండి, నలిగితే గోడకి పచ్చటి మరక పడుతుంది. హోస్‌తో నీళ్ళు కొట్టండి, కారుకీ అంతే. చచ్చినవి కుప్పపడితే కంపు కొడతాయి, వెంటనే ఎత్తేయండి.

జువాలజీ మాస్టారు:
అత్తయ్యగారికి ఒకదాన్ని దగ్గరగా చూపించండమ్మా. దోమకుండే పొడవాటి ముల్లు దీనికి ఉండదు. వాలినప్పుడు దోమ వెనక కాళ్ళు ఎత్తుతుంది, ఇది ముందు కాళ్ళు ఎత్తుతుంది. మీసాలు కుచ్చులా ఉంటే మగది, ఆడదాని రెక్కల చప్పుడు వాటితోనే వింటుంది. పెద్దయ్యాక బతికేది కొద్ది రోజులే. వీటి పేరు కైరోనమస్ ప్లూమోసస్.

అసలు జీవితమంతా అడుగు బురదలోనే. ఆడది జిగురు ముద్దలో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది, ముద్ద మునిగిపోతుంది. పిల్ల పురుగు బురదలో గొట్టం కట్టుకుని ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎర్రగా కనిపిస్తుంది. అక్వేరియం షాపుల్లో బ్లడ్ వార్మ్స్ అని అమ్మేవి ఈ కుటుంబానివే. చలికాలమంతా మంచు కింద గడిపి, నీళ్ళు వేడెక్కాక మేలో ఒక్కసారిగా పైకొస్తాయి. ఆగస్టు ప్రాంతంలో చిన్న విడత ఇంకోటి ఉండొచ్చు. వినెబాగోలో ఫిబ్రవరిలో జనం బల్లేలతో వేటాడే స్టర్జన్ చేపలకి ఈ ఎర్ర పురుగులే పెద్ద మేత. పురుగుల్ని నాశనం చేయాలనేవాళ్ళు ముందు ఆ చేపల సంగతి ఆలోచించాలి.

ఆష్‌కాష్ కోడలు:
థాంక్స్ మాస్టారూ, చదివి వినిపిస్తే అత్తయ్యగారు కాస్త నెమ్మదించారు. మరి ఇవి యూరప్‌లో ఉండేవీ ఒకటేనా? మా ఆయన ల్యాబ్‌లో డీఎన్‌ఏ పనే చేస్తారు, ఒకదాన్ని పరీక్షిస్తే తేలిపోతుందా అంటున్నారు.

జువాలజీ మాస్టారు:
అదే నాకు ఇష్టమైన ప్రశ్న! ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో మురుగు కాలవ నుంచి ఎర్ర పురుగులు తెచ్చేవాళ్ళం. ఒక సూదితో ఒళ్ళు పట్టుకుని, ఇంకో సూదితో తల లాగితే లాలాజల గ్రంథులు దాంతోపాటే వచ్చేస్తాయి, అద్దంలా తెల్లగా. ఎసిటో ఆర్సిన్ రంగు వేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కితే క్రోమోజోములు అడ్డచారలతో లావుగా కనిపిస్తాయి. 1881లో బాల్బియాని మొదట చూసిందీ ఈ కైరోనమస్‌లోనే. మొత్తం నాలుగు జతలు. చారల వరస ఎక్కడ తిరగబడిందో పోల్చుకుంటూ పోతే ఎవరు ఎవరికి దగ్గరో తెలుస్తుంది.

ఎంటిస్ అని దీని దగ్గర చుట్టం ఒకటుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, చారలు చూస్తేనే తేడా దొరుకుతుంది. యూరప్, ఆసియా ప్లూమోసస్‌లో కనబడని చారల వరసలు అమెరికా ప్లూమోసస్‌లో ఉన్నాయి. పేరు ఒకటే, కానీ చాలాకాలంగా వేరు కాపురం.

మీవారికి చెప్పండి, జాతిని గుర్తుపట్టడానికి వాడే బార్‌కోడ్ జీన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని. అది మైటోకాండ్రియాది (కణంలో శక్తి తయారుచేసే భాగం), తల్లి నుంచే వస్తుంది. ఈ గుంపు జాతులు ఎప్పుడో కలిసినట్టున్నాయి, ఒకదాని మైటోకాండ్రియా ఇంకోదాంట్లో దొరుకుతుంది. కేంద్రకంలోని జీన్లు కూడా చూడాలి. గోడ మీది పురుగుని గాఢమైన ఆల్కహాల్‌లో వేస్తే డీఎన్‌ఏకి సరిపోతుంది. చారలు చూడాలంటే మాత్రం బాగా ఎదిగిన లార్వా, అంటే బురదలోని పిల్ల పురుగు, కావాలి.

నీనా శ్రీను:
మాస్టారూ, మా అబ్బాయికి ఈ నెలలోనే తుమ్ములు, ఆయాసం. దీనివల్లేనా?

జువాలజీ మాస్టారు:
అయ్యుండొచ్చు. ఈ పురుగుల హిమోగ్లోబిన్ పడనివాళ్ళున్నారు, సూడాన్‌లో నైలు ఒడ్డున ఇలాంటి పురుగుల వల్ల ఉబ్బసం వచ్చిన సంగతి తెలిసిందే. పుప్పొడి కూడా ఈ నెలలోనే రేగుతుంది కాబట్టి అలర్జీ డాక్టర్‌కి చూపించండి. పొడి కుప్పలు ఊడ్చే పని మాత్రం వాడికి చెప్పకండి.