వాల్యూమ్ రెండరింగ్ సాఫ్ట్‌వేర్: ఎవరికి వాళ్లు బిల్డ్ చేసుకోవాలా, రెడీ బైనరీ చాలా?

వోక్సెల్‌ప్రియ

సీటీ స్కాన్ డేటాను 3డీలో చూడ్డానికి మా ల్యాబ్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ వాడుతున్నాం. సీ ప్లస్ ప్లస్‌లో రాసింది, కింద 3డీ బొమ్మలు గీసే వీటీకే (VTK), విండోలూ బటన్లూ ఇచ్చే క్యూట్ (Qt) లైబ్రరీలు ఉంటాయి. కొందరిది విండోస్, కొందరిది లైనక్స్, మిగతావాళ్లది మ్యాక్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని ఎవరి మెషిన్ మీద వాళ్లు సోర్స్ కోడ్ నుంచి బిల్డ్, అంటే కంపైల్ చేసుకోవాలి. రెడీ బైనరీ (ముందే కంపైల్ చేసిన ప్రోగ్రామ్) తయారుచేసినవాళ్లకి మన గ్రాఫిక్స్ కార్డ్ ఏదో తెలియదు. మా దగ్గర జరుగుతున్నది చూడండి: లైనక్స్‌లో జీలిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే మూల లైబ్రరీ) వర్షన్ దొరకలేదని ఎర్రర్, మ్యాక్‌లో యాప్ అసలు తెరుచుకోదు, విండోస్‌లో వాల్యూమ్ రావాల్సిన చోట నల్ల తెర. బిల్డ్ చేసుకుంటే ఈ మూడూ పోతాయి, విద్యార్థులకి లోపల ఏముందో కూడా తెలుస్తుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రేకాస్టర్

కాదనే అంటాను. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ నిజమే, కానీ మూడింటికీ మూలం ఒకటి కాదు.

జీలిబ్‌సీ గొడవ బిల్డ్ చేస్తే పోతుంది, అందులో వాదన లేదు. కొత్త లైనక్స్ డిస్ట్రో (ఉబుంటు లాంటిది) మీద తయారైన బైనరీ పాత డిస్ట్రో మీద నడవకపోవచ్చు. పాతదాని మీద తయారైనది మాత్రం కొత్తవాటి మీద మామూలుగా నడుస్తుంది. కాబట్టి విడుదల చేసేవాళ్లే పాత డిస్ట్రో మీద ఒకసారి కంపైల్ చేస్తే అందరి సమస్యా తీరుతుంది. పైథాన్ ప్యాకేజీలు ఏళ్లుగా ఈ పద్ధతిలోనే వస్తున్నాయి.

మ్యాక్‌లో తెరుచుకోకపోవడం డిజిటల్ సంతకానికి సంబంధించినది. బ్రౌజర్‌తో దించుకున్న ఫైల్‌కి సిస్టమ్ ఒక గుర్తు పెడుతుంది, ఆపిల్ ఆమోదం లేని యాప్ అయితే గేట్‌కీపర్ ఆపేస్తుంది. సొంతంగా కంపైల్ చేసినదానికి ఆ గుర్తు ఉండదు కాబట్టి తెరుచుకుంటుంది. అంతమాత్రానికి వీటీకే, క్యూట్ మొత్తం కంపైల్ చేయించడం అన్యాయం. ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకసారి అనుమతి ఇస్తే చాలు.

ఇక నల్ల తెర. అందరూ సోర్స్ వైపు పరుగెత్తేది దీనికోసమే, కానీ సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే దాదాపు ఎప్పుడూ తీరనిది కూడా ఇదే. వాల్యూమ్‌లోకి కిరణాలు పంపి, ఒక్కో వోక్సెల్ (3డీ పిక్సెల్) విలువకి రంగూ పారదర్శకతా ఇచ్చే పని చేసేది షేడర్, అంటే గ్రాఫిక్స్ కార్డ్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్. గ్రాఫిక్స్ కార్డ్‌తో పని చేయించే ఓపెన్‌జీఎల్‌లో ఆ షేడర్ టెక్స్ట్‌గానే ప్రోగ్రామ్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మీ మెషిన్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ దాన్ని కంపైల్ చేస్తుంది. మనం బిల్డ్‌కి వాడే విజువల్ స్టూడియో, జీసీసీ లాంటి కంపైలర్లు దాని జోలికే వెళ్లవు. అంటే రెడీ బైనరీ వాడినా, సొంతంగా బిల్డ్ చేసినా మీ కార్డ్ మీద నడిచే కోడ్ ఒకటే.

అందుకే నల్ల తెర వస్తే ముందు డ్రైవర్‌నీ మెమరీనీ అనుమానించాలి. ల్యాప్‌టాప్‌లో రెండు కార్డులుంటే విండోస్ చిన్నదానికి పని అప్పగించి ఉండొచ్చు. 512 × 512 × 512 వాల్యూమ్ 16 బిట్లలో 256 ఎంబీ. ఒక్కో దిక్కునా 1024 అయితే 2 జీబీ, 2048 అయితే 16 జీబీ. అది కార్డ్ మెమరీలో పట్టాలి. 3డీ టెక్స్చర్‌కి (కార్డ్‌లో వాల్యూమ్‌ని ఉంచే రూపం) ఒక్కో దిక్కున గరిష్ఠ కొలత కూడా ఉంటుంది, కొన్ని కార్డుల్లో అది 2048 దగ్గరే ఆగిపోతుంది. ఇవి కాక విండోస్‌లో ఇంకొకటి ఉంది. గ్రాఫిక్స్ కార్డ్ ఒక పనిలో 2 సెకన్లకి మించి ఇరుక్కుంటే సిస్టమ్ డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. శాంపిల్ దూరం (కిరణం మీద డేటా చదివే చోట్ల మధ్య ఎడం) బాగా తగ్గించి పెద్ద డేటా తెరిచారంటే సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. వీటిలో ఏ ఒక్కటీ బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ మళ్లీ నడిపితే మారదు.

పాతమ్యాక్

రేకాస్టర్ గారి మాటకి మ్యాక్ వైపు నుంచి ఒకటి కలుపుతాను. ఆపిల్ 2018లో మొజావేతో ఓపెన్‌జీఎల్‌ని పక్కన పెట్టేసింది. ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ 4.1 వర్షన్ దాటదు. కంప్యూట్ షేడర్లకి (బొమ్మ గీయడం కాక మామూలు లెక్కలు చేసేవి) 4.3 కావాలి. వాటిని వాడే ప్రోగ్రామ్‌ని మీరు ఎంత శ్రద్ధగా బిల్డ్ చేసినా, తెరిచాక ఆ భాగం పనిచేయదు. ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు చేయించే క్యూడా (CUDA) సంగతి సరేసరి, కొత్త మ్యాక్‌లకి అది లేనేలేదు.

2020లో ఆపిల్ సొంత చిప్‌లు వచ్చాక బిల్డ్ కష్టం ఇంకాస్త పెరిగింది. పాత ఇంటెల్ మ్యాక్ నుంచి ఫైళ్లన్నీ కొత్తదానికి తెచ్చుకున్నవాళ్లలో లైబ్రరీలు తెచ్చిపెట్టే హోమ్‌బ్రూ రెండు చోట్ల ఉండిపోతుంది. సీమేక్ పాతదాన్ని పట్టుకుంటే లింక్ చేసేటప్పుడు ఆగిపోతుంది, ఆ ఎర్రర్ చూసి అసలు కారణం ఊహించడం కొత్తవాళ్ల వల్ల కాదు.

నోడ్‌కాపరి

ఇక్కడ అందరూ తెర ఉన్న కంప్యూటర్ గురించే మాట్లాడుతున్నారు. క్లస్టర్‌లో నోడ్‌కి (కలిపి వాడే చాలా కంప్యూటర్లలో ఒకదానికి) మానిటర్ ఉండదు, లైనక్స్‌లో తెరని నడిపే ఎక్స్ సర్వర్ ఉండదు. వీటీకే పాత వర్షన్లలో తెర లేకుండా గీయడానికి ఈజీఎల్ (గ్రాఫిక్స్ కార్డ్‌తో) వాడాలా, ఓఎస్‌మెసా (ప్రాసెసర్‌తో) వాడాలా అన్నది కంపైల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. మామూలు ప్యాకేజీ ఎక్స్ కోసం వెతికి పడిపోతుంది. 9.4 నుంచి నడిచేటప్పుడే ఎంచుకునే వీలు వచ్చింది, మంచిదే. కానీ నోడ్‌ల మధ్య డేటా పంపే ఎంపీఐ మాత్రం క్లస్టర్‌లో ఉన్నదానితో సరిపోవాలి. కాబట్టి మా దగ్గర బిల్డ్ తప్పదు. రెడీ బైనరీ అందరికీ చాలు అనడం సరికాదండీ.

వోక్సెల్‌ప్రియ

రేకాస్టర్ గారూ, షేడర్ విషయంలో మీ వాదన బలంగా ఉంది. కానీ నేర్చుకోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా విద్యార్థులు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (ఏ విలువకి ఏ రంగు, ఎంత పారదర్శకత అన్నది) కోడ్ మార్చాలి, కొత్త ఫిల్టర్లు రాయాలి. బైనరీ చేతిలో పెడితే అది ఎలా కుదురుతుంది?

చిన్నదారి

దానికి వీటీకే కంపైల్ చేయక్కర్లేదు కదండీ! లైబ్రరీలు ప్యాకేజీగా తీసుకుని మీ ప్రోగ్రామ్ ఒక్కటే కంపైల్ చేయించండి. డెబియన్, ఉబుంటుల్లో ఏపీటీ, మ్యాక్‌లో హోమ్‌బ్రూ, విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటికీ ఒకే పద్ధతి కావాలంటే కోండా-ఫోర్జ్ ప్యాకేజీలు. విద్యార్థి మార్చేది మీ ఫైళ్లు, వాటికి నిమిషాలు చాలు.

విండోస్‌లో మొత్తం బిల్డ్ అంటే ఎంత టెన్షనో చూసినవాణ్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఫోల్డర్ లోపల ఫోల్డర్ అయ్యేసరికి పాత్ 260 అక్షరాల పరిమితి దాటుతుంది. 3డీ స్లైసర్ (స్కాన్లు చూసే ప్రోగ్రామ్) బిల్డ్ చేసేవాళ్లకి చిన్న పేరున్న ఫోల్డర్ వాడమని చెప్పేది అందుకే. ఎలాగో అది దాటితే డీబగ్ (తప్పులు వెతకడానికి), రిలీజ్ (వాడకానికి) లైబ్రరీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కంపైల్ బాగానే అవుతుంది, నడిపితే కారణం లేకుండా పడిపోతుంది. వాల్యూమ్ రెండరింగ్ నేర్చుకుందామని వచ్చిన కుర్రవాడు దీంట్లో ఇరుక్కుంటే మళ్లీ అటు చూడడు. అది నాకు బాధగా ఉంటుంది.

రేకాస్టర్

చిన్నదారి గారి పద్ధతే ల్యాబ్‌కి సరైనది. నోడ్‌కాపరి గారిది వేరే అవసరం, అక్కడ బిల్డ్ చేసే మనిషి ఒకరుంటారు, ఆ పని ఆయనకి వచ్చు.

వోక్సెల్‌ప్రియ గారూ, మీ ప్రోగ్రామ్ రాసినవాళ్లని ఒక్కటి అడగండి. మొదలవగానే డ్రైవర్ చెప్పిన కార్డ్ పేరు, ఓపెన్‌జీఎల్ వర్షన్, 3డీ టెక్స్చర్ గరిష్ఠ కొలత లాగ్‌లో రాయించమనండి. లైనక్స్‌లో కార్డ్ పేరు చోట ఎల్‌ఎల్‌వీఎం పైప్ అని కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డ్ వాడట్లేదు, ప్రాసెసర్ మీద నడుస్తోందని అర్థం. వాల్యూమ్ నత్తనడక నడిచేది అందుకే.

వోక్సెల్‌ప్రియ

లాగ్ సంగతి ఈ వారమే అడుగుతాను. లైబ్రరీలు కోండా-ఫోర్జ్ నుంచి, మా కోడ్ మాత్రం కంపైల్. విద్యార్థులకి ఇదే పెడతాను. ఒక చిక్కు మిగిలింది. నీడలు లెక్కగట్టే భాగం కంప్యూట్ షేడర్‌లో ఉంది. అంటే మ్యాక్ వాళ్లకి నీడలు లేనట్టేనా?

పాతమ్యాక్

లేకుండా పోనక్కర్లేదు. అదే లెక్కని ఫ్రాగ్మెంట్ షేడర్‌గా (పిక్సెల్ రంగు లెక్కించేది) మార్చి, 3డీ టెక్స్చర్‌లోకి ఒక్కో స్లైస్ చొప్పున రెండర్ చేయొచ్చు. 4.1లో అది కుదురుతుంది. కాస్త నెమ్మదిస్తుంది, కానీ కాంతి గానీ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ గానీ డేటా గానీ మారినప్పుడే మళ్లీ లెక్కించాలి కాబట్టి వాడేవాళ్లకి పెద్దగా తెలియదు. ఆ షేడర్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.