సింగపూర్ క్రూజ్: కంపెనీ సైట్‌లోనే బుక్ చేయాలా, ఏజెంట్ దగ్గరా?

ఆరుగురం:
హైదరాబాద్ నుంచి వెళ్తున్నాం. మేమిద్దరం, పిల్లలు ఇద్దరు (11, 7), అమ్మా నాన్న (ఇద్దరికీ డెబ్బై దాటింది). డిసెంబర్ 20న సింగపూర్‌లో బయల్దేరి పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగొచ్చే నాలుగు రాత్రుల క్రూజ్ చూశాం. కంపెనీ సైట్‌లో ఒక రేటు ఉంది. ఒక ఏజెంట్ దానికన్నా ఎక్కువ చెప్పాడు, ఇంకొకాయన తక్కువ చెప్పాడు. ఎవరిని నమ్మాలో తేలడం లేదు. నేరుగా బుక్ చేస్తే ఏమైనా పోగొట్టుకుంటామా?

టికెట్‌కౌంటర్:
ముందు ఆ మూడు రేట్లూ ఒకే సరుకుకి చెప్పినవేనా చూడండి. తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. కంపెనీ సైట్‌లో డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, కట్టకుండా ఆగి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. అందులో క్యాబిన్ కోడ్, డిపాజిట్ వెనక్కి వచ్చే రకమా కాదా, పోర్టు ఛార్జీలు, పన్నులు, గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు) వేరువేరుగా రాసుకోండి. 'బాల్కనీ' అన్న మాట ఒక్కటే చాలదు. అదే ఓడలో బాల్కనీకే అయిదారు కోడ్‌లు ఉంటాయి. ఏ అంతస్తు, ఓడ మధ్యలోనా చివరనా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది.

తక్కువ చెప్పినాయన 'గ్యారంటీ క్యాబిన్' రేటు చెప్పి ఉండొచ్చు. అంటే ఆ రకం క్యాబిన్ ఖాయం, నంబర్ మాత్రం ఖాయం కాదు. చివర్లో ఏది మిగిలితే అది కంపెనీ ఇస్తుంది. ఇద్దరు కుర్రాళ్లు వెళ్తుంటే తీసుకోవచ్చు. మీ విషయంలో అమ్మగారు వాళ్లు ఆరో అంతస్తులో, మీరు పదకొండులో పడితే ఆ మిగిలిన డబ్బు దండగే. గ్రాట్యుటీ కలపకుండా చెప్పి కూడా ఉండొచ్చు. అది మనిషికి, రాత్రికి ఇంత అని లెక్క, పిల్లలకూ పడుతుంది. ఆరుగురికి నాలుగు రాత్రులంటే 24 పద్దులు, చిన్న మొత్తం కాదు.

ఇక కమీషన్ సంగతి. ఏజెంట్‌కి కమీషన్ ఇచ్చేది కంపెనీ, అదీ టికెట్ మూల ధర మీదే. పోర్టు ఛార్జీల మీద, పన్నుల మీద ఇవ్వదు. మీరు నేరుగా కొన్నంత మాత్రాన ఆ కమీషన్ మీకు తగ్గదు, కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి 'మధ్యవర్తి లేడు, చౌక' అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. కంపెనీ చెప్పిన రేటుకన్నా తగ్గించి ప్రకటించడానికి చాలా కంపెనీలు ఏజెంట్లను ఒప్పుకోవు. అందుకే మంచి ఏజెంట్ తన వాటాలోంచి ఇవ్వదలచుకున్నది వేరే రూపంలో ఇస్తాడు: ఓడలో ఖర్చు పెట్టుకునే క్రెడిట్, ముందే కట్టిన గ్రాట్యుటీ, ఎయిర్‌పోర్ట్ కారు. 'ఓడలో క్రెడిట్ ఎంత ఇస్తారు?' అని మొహమాటం లేకుండా అడగండి.

పద్దులపుస్తకం:
ఎక్కువ చెప్పినాయన లెక్కలో ఏముందో నేను చెప్తాను. ఓడ ధర సింగపూర్ డాలర్లలోనో అమెరికా డాలర్లలోనో ఉంటుంది. ఏజెంట్ దాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు తన సొంత మారకం రేటు వేసుకుంటాడు. బ్యాంకు రేటు 65 అనుకుంటే ఆయన 67 వేసినా కంటికి కనిపించదు, కానీ అది మూడు శాతం. పైన ప్యాకేజీ బిల్లుకి మామూలుగా 5 శాతం జీఎస్టీ, ఆ పైన టీసీఎస్ (అమ్మేవాళ్లు మీ దగ్గర ముందే పట్టుకునే ఆదాయపు పన్ను). బిల్లులో ఈ మూడూ విడివిడిగా రాసివ్వమనండి. 'అన్నీ కలిపి మనిషికి ఇంత' అన్న వాట్సాప్ మెసేజ్‌ని కొటేషన్ అనరు.

టీసీఎస్ పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుకోవచ్చు, మిగిలితే రీఫండ్ వస్తుంది. అందాకా డబ్బు ఇరుక్కుపోతుంది, అంతే. రేటు తరచూ మారుతోంది. 2023 అక్టోబర్ నుంచి ఏడాదికి ఏడు లక్షలు దాటిన ప్యాకేజీలకు 20 శాతం ఉండేది, 2025 ఏప్రిల్‌లో ఆ హద్దు పది లక్షలైంది. మీరు కట్టే రోజున ఎంత ఉందో చూసుకోండి. బిల్లు మాత్రం రిటర్న్ వేసేవాళ్ల పాన్ మీదే రాయించండి. నాన్నగారు రిటర్న్ వేయకపోతే ఆయన పాన్ మీద పడిన టీసీఎస్ కోసమే ప్రత్యేకంగా వేయాల్సి వస్తుంది. ఆధార్‌తో లింక్ కాని పాన్ ఇస్తే ఇంకా ఎక్కువ రేటు పట్టుకుంటారు.

నేరుగా కట్టినా ఖర్చు ఉంది. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ లావాదేవీ మీద 3.5 శాతం దాకా మార్కప్ (అదనపు రుసుము) వేస్తాయి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. మూడు లక్షల బిల్లు అయితే 10,500 ప్లస్ 1,890, మొత్తం 12,390 రూపాయలు. మార్కప్ తక్కువున్న కార్డు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే దాంతో కట్టండి. 'రూపాయల్లో కడతారా' అని సైట్ అడిగితే వద్దనండి, ఆ మార్పిడి రేటు సాధారణంగా మీ బ్యాంకు రేటుకన్నా దారుణంగా ఉంటుంది. కార్డులో అంతర్జాతీయ వాడకం ఆఫ్‌లో ఉంటే లావాదేవీ తిరగ్గొడుతుంది. యాప్‌లో ఆన్ చేసి, పరిమితి పెంచి, పని అయ్యాక మళ్లీ ఆపేయండి.

డెక్‌నంబర్9:
ఒక్క క్యాబిన్, భార్యాభర్తలు, చిన్న ట్రిప్పు అయితే రెండో ఆలోచన లేకుండా నేరుగా. ధర తగ్గితే మీరే చూసుకుని ఫోన్ చేయొచ్చు, మార్పులు యాప్‌లో చేసుకోవచ్చు, రద్దు చేస్తే డబ్బు సరాసరి మీ కార్డుకే వస్తుంది. ఏజెంట్ ద్వారా బుక్ చేశాక కంపెనీకి ఫోన్ చేస్తే 'మీ ఏజెంట్‌నే అడగండి' అంటారు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, నియమం. శనివారం రాత్రి మీ ఏజెంట్ ఫోన్ ఎత్తకపోతే మీ పని సోమవారానికే.

మీది రెండు క్యాబిన్ల వ్యవహారం, కాబట్టి కాస్త చూసుకోవాలి. ఆరుగురికి మూడు దారులున్నాయి. నలుగురు పట్టే క్యాబిన్ ఒకటి, ఇద్దరిది ఒకటి. లేదా మధ్యలో తలుపు ఉన్న కనెక్టింగ్ క్యాబిన్లు. లేదా చెరో బిడ్డతో ముగ్గురేసి. రేటు ఇద్దరి లెక్కన ఉంటుంది, మూడో నాలుగో మనిషికి సాధారణంగా తక్కువ పడుతుంది, అందుకే నలుగురి క్యాబిన్ చవగ్గా కనిపిస్తుంది. కానీ మూడో నాలుగో మంచం గోడ నుంచో పైకప్పు నుంచో దించే బెర్తు. రాత్రి దించితే నడిచే దారి ఉండదు.

సైట్‌లో ఇంకో తికమక ఉంది. ఇద్దరికని వెతికితే క్యాబిన్ ఉంటుంది, నలుగురికని వెతికితే 'లేదు' అంటుంది. అది సైట్ తప్పు కాదు. ఓడలో ప్రతి భాగానికీ ఒక లైఫ్‌బోట్ స్టేషన్ (ప్రమాదం వస్తే రక్షణ పడవ కోసం చేరే చోటు) ఉంటుంది. దానికి కేటాయించిన మనుషుల సంఖ్య నిండితే, క్యాబిన్ ఖాళీగా ఉన్నా అక్కడ మూడో నాలుగో మనిషిని ఎక్కించుకోరు. డిసెంబర్ సెలవుల్లో ఇది మామూలే. వేరే అంతస్తులోనో, ఓడ ఇంకో చివరనో వెతికితే దొరకొచ్చు.

ఆరుగురం:
కనెక్టింగ్ నచ్చింది. సైట్‌లో ఒకేసారి ఆ రెండూ ఎంచుకోవడం కుదరట్లేదు.

డెక్‌నంబర్9:
డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటంలో) రెండు గదుల మధ్య చిన్న గుర్తు ఉంటుంది, ఆ నంబర్లు రాసుకుని కంపెనీకి ఫోన్ చేయండి, లేదా ఏజెంట్‌తో చేయించండి. ఇలాంటి చోటే ఏజెంట్ పనికొస్తాడు. ఒక క్యాబిన్ కట్టి రెండోదానికి వెళ్లేలోపు ఎవరో తీసుకుపోయే ప్రమాదం ఉంది. ఏజెంట్ రెండింటినీ డబ్బు కట్టకుండా కాసేపు పట్టి ఉంచగలడు. తర్వాత రెండు బుకింగ్‌లనూ ఒకదానికొకటి లింక్ చేయించండి, డైనింగ్ కూడా. లేకపోతే తాతా మామ్మలకి ఆరింటి భోజనం, మీకు ఎనిమిదిన్నరది పడుతుంది. శాకాహారం, జైన్, షుగర్ భోజనాలు కూడా అప్పుడే నమోదు చేయించి, బుకింగ్ పత్రంలో ఆ మాట కనిపిస్తోందో లేదో చూడండి.

ఆరుగురం:
తక్కువ చెప్పినాయన ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఇంకో పదివేలు తగ్గిస్తానంటున్నాడు. కట్టొచ్చా?

టికెట్‌కౌంటర్:
కట్టకండి. కంపెనీ ఇప్పుడు అడిగేది డిపాజిట్ మాత్రమే. మిగతాది నాలుగు రాత్రుల ట్రిప్పుకి సుమారు 75 రోజుల ముందు, పెద్దవాటికి 90 రోజుల ముందు కడితే చాలు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. డిసెంబర్ 20 ప్రయాణానికి 75 రోజులంటే అక్టోబర్ 6. ఏజెంట్ వారం పది రోజులు ముందే అడగడం న్యాయమే, నెలల ముందు మొత్తం అడగడం కాదు. అలా తీసుకుని కంపెనీకి డిపాజిట్ మాత్రమే కట్టి, మీ డబ్బుని తిప్పుకునేవాళ్లు ఉన్నారు. గడువులోపు మిగతాది చేరకపోతే బుకింగ్ దానంతటదే రద్దయిపోతుంది.

దీనికి ఒకటే పరీక్ష. డిపాజిట్ కట్టిన రోజే ఓడ కంపెనీ ఇచ్చిన రిజర్వేషన్ నంబర్ అడగండి. ఏజెన్సీ వోచర్ నంబర్ కాదు. ఆ నంబర్, ఇంటిపేరు, బయల్దేరే తేదీ కంపెనీ యాప్‌లో కొట్టండి. క్యాబిన్ నంబర్, ఆరుగురి పేర్లు కనిపించాలి. బాకీ ఎంతో అక్కడ కనిపించకపోతే కంపెనీ పేరుతో ఉన్న ఇన్‌వాయిస్ అడిగి అందులో చూడండి. అక్టోబర్‌లో రెండో విడత కట్టాక మరోసారి. నంబర్ ఇవ్వడానికి నసిగితే అక్కడితో బేరం వదిలేయండి. డబ్బు సంస్థ పేరున్న ఖాతాకే వెళ్లాలి, ఎవరి సొంత యూపీఐకీ కాదు.

రద్దు షరతులు రెండు కాగితాలుగా అడగండి: కంపెనీవి, ఏజెన్సీవి. చివరి గడువు దాటాక కంపెనీ కోత మెట్లు మెట్లుగా పెరిగి నూరు శాతానికి చేరుతుంది. అప్పుడు కూడా పోర్టు ఛార్జీలు, పన్నులు, ముందే కట్టిన గ్రాట్యుటీ మామూలుగా తిరిగొస్తాయి. ఏజెంట్ ద్వారా కొన్నవాళ్లు చాలామంది వీటిని అడగరు, కాబట్టి వీళ్లు ఇవ్వరు.

వైజాగ్‌తీరం:
నా మాట వినండి, ఏజెంట్ల జోలికే వెళ్లొద్దు. అంతా ఫోన్‌లోనే అయిపోతుంది ఈ రోజుల్లో.

వీసాకిటికీ:
అంతా కాదండీ. సింగపూర్ వీసాకి మనవాళ్లు మామూలుగా అధీకృత ఏజెంట్ ద్వారానే దరఖాస్తు చేస్తారు, ఓడ ఎలా బుక్ చేసినా సరే. దాని ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, పైన ఏజెంటు ఛార్జీ. వీసా రాగానే అది ఎన్నిసార్లు ప్రవేశానికో చూడండి. ఓడ పెనాంగ్ వెళ్లి వస్తే మీరు దేశం దాటి మళ్లీ ప్రవేశించినట్టే లెక్క. ఒక్క ప్రవేశానికే ఉంటే టెర్మినల్‌లోనే ఆపేస్తారు. సింగపూర్ అరైవల్ కార్డు (ఆన్‌లైన్‌లో నింపే ప్రవేశ పత్రం) ఉచితం, చేరడానికి ముందు మూడు రోజులలోపు నింపాలి, డబ్బు అడిగే సైట్లు వేరేవాళ్లవి. ఓడ తిరిగొచ్చే రోజుకి మళ్లీ నింపాలి. పాస్‌పోర్టులకు ఆరు నెలల గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులు అయిదేళ్లకే అయిపోతాయి, ముందు అవి తీసి చూడండి.

ఇంకొకటి, మన తెలుగువాళ్లకి ప్రత్యేకం: పేరు. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరం మాత్రమే. క్రూజ్ సైట్ ఇంటిపేరు లేకుండా ముందుకు పోనివ్వదు. అక్కడ ఏదో ఒకటి కొట్టేయకుండా, ఎలా రాయాలో కంపెనీని మెయిల్‌లో అడిగి ఆ జవాబు దాచుకోండి. విమానం టికెట్, వీసా, ఓడ బుకింగ్ మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి. అక్షర దోషం దిద్దడం తేలిక, గడువు దాటాక మనిషిని మార్చడం అంటే చాలా కంపెనీల్లో రద్దు చేసి మళ్లీ కొనడమే.

వైజాగ్‌తీరం:
వీసా సంగతి ఒప్పుకుంటా. మన తీరంలో తిరిగే దేశీ క్రూజ్‌కి కూడా ఇంత తంతు ఉంటుందా? 2022లో వైజాగ్‌కి వచ్చింది కదా ఒకటి.

పద్దులపుస్తకం:
ఉండదు. ధర రూపాయల్లోనే, విదేశీ మార్కప్ లేదు, దేశం దాటని ప్రయాణానికి టీసీఎస్ లేదు. శ్రీలంక వంటి చోట ఆగితే మాత్రం పాస్‌పోర్టు, వీసా మామూలే.

ఆరుగురం:
అయితే నేరుగా బుక్ చేసి, తర్వాత ఏజెంట్‌కి అప్పగించొచ్చా? మా బాబాయి వాళ్లు కూడా వస్తామంటున్నారు, అన్ని కుటుంబాలూ కలిస్తే ఎనిమిది క్యాబిన్లు అవ్వొచ్చు.

టికెట్‌కౌంటర్:
చాలా కంపెనీలు కొన్ని వారాల గడువులోపు, మొత్తం డబ్బు కట్టకముందు, నేరుగా చేసిన బుకింగ్‌ని ఏజెంట్‌కి మార్చనిస్తాయి. తిరుగు దారి, అంటే ఏజెంట్ నుంచి కంపెనీకి, మామూలుగా ఉండదు. కాబట్టి మీ రెండు కనెక్టింగ్ క్యాబిన్లు, వెనక్కి వచ్చే డిపాజిట్‌తో, ఈ రోజే ఫోన్‌లో పట్టేయండి. వెనక్కి రాని డిపాజిట్ కొంచెం చౌక, కానీ డెబ్బై దాటినవాళ్లతో ప్రయాణానికి అది వద్దు.

ఎనిమిది క్యాబిన్లు, పదహారు మంది నిజంగా తేలితే లెక్క మారుతుంది. చాలా కంపెనీల్లో అది గ్రూపు కిందికి వస్తుంది, పదహారు మందికి ఒకరి మూల ధర మాఫీ. ఆ మాఫీ మొదట ఏజెంట్ చేతికి వస్తుంది. దాన్ని అందరికీ పంచుతాడా, తనే ఉంచుకుంటాడా అన్నది ముందే రాయించుకోండి. మీరు ముందే కొన్న రెండు క్యాబిన్లను గ్రూపులో కలపడం కుదురుతుందో లేదో కూడా అప్పుడే అడగండి, కొన్నిసార్లు గ్రూపు రేటు బయటి రేటుకన్నా ఎక్కువుంటుంది.

డెక్‌నంబర్9:
విమానాల మాట ఎవరూ ఎత్తలేదు. ప్యాకేజీలో ఓడ బయల్దేరే రోజు ఉదయమే దిగే ఫ్లైట్ పెడితే మార్పించండి, 19నే చేరేలా. చెక్-ఇన్ ఓడ కదలడానికి గంటా గంటన్నర ముందే మూసేస్తారు, ఓడ ఆగదు. విడిగా కొన్న ఫ్లైట్ ఆలస్యమైతే కంపెనీ బాధ్యత తీసుకోదు. ఇన్సూరెన్స్‌లో క్రూజ్, ఓడ నుంచి ఆసుపత్రికి తరలింపు, అమ్మగారి నాన్నగారి పాత జబ్బులు ఉన్నాయో లేదో పాలసీ కాగితంలో చదవండి, ఏజెంట్ నోటిమాట కాదు. సింగపూర్‌లో క్రూజ్ టెర్మినళ్లు రెండున్నాయి, మెరీనా బే ఒకటి, హార్బర్‌ఫ్రంట్ ఒకటి. హోటల్ బుక్ చేసే ముందు బోర్డింగ్ పాస్ మీద ఏది రాసుందో చూడండి.